వేలంలో గెలిచాడు.. బేరంలో ఓడాడు

* మామూలు రైఫిల్‌కు మోజు ధర
* పక్క కొట్టు కంటే ఆన్‌లైన్ పాటే ఎక్కువ
* బెంగళూరు సైట్ల దగ్గరా అదే వరస

బెంగళూరు: కొట్టుకు వెళ్తే 30 వేలకు దొరికే సరుకు. దాన్ని వేలంపాటలో 40 వేలకు కొని, పైగా ‘గెలిచేశా’నని నలుగురికీ ఫోన్ చేసి చెప్పుకొనేవాణ్ని ఏమనాలి? అమాయకుడనడానికి లేదు. చదువుకున్నవాడే, సంపాదనపరుడే. సంతలో వంకాయల దగ్గర కూడా గీచి గీచి బేరమాడే మనిషే. కానీ కంప్యూటర్ తెర మీద గడువు నిమిషాల్లోకి వచ్చేసరికి బేరం సంగతి మరిచిపోతాడు. ఇంకో వెయ్యి.. పోనీ ఇంకో వెయ్యి.. అంతే!

అమెరికాలో తుపాకుల ఆన్‌లైన్ వేలాల్లో ఇది మామూలైపోయిన తంతు. పోనీ అవేమైనా రాజుల కాలం నాటి అపురూప ఆయుధాలా అంటే అదీ కాదు. లక్షల్లో, కోట్లలో తయారై ప్రపంచమంతా చెల్లాచెదురైన మామూలు రైఫిళ్లు. మరి ఎందుకీ ఎగబడటం? ఎక్కడో అమెరికా ముచ్చట మనకెందుకప్పా అని తీసిపారేయడానికి లేదు. హిందూపురంలోనో మదనపల్లెలోనో కూర్చుని బెంగళూరు సైటుకు కంప్యూటర్‌లో పాట పెట్టే కాలమిది. అక్కడ తుపాకీ, ఇక్కడ సైటు. జబ్బు మాత్రం ఒక్కటే.

దేవనహళ్లి పులి తుపాకీ

ముందు మన పక్కూరి ముచ్చటతోనే మొదలుపెడదాం. ఈ రోజు బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లిలోనే టిప్పు సుల్తాన్ పుట్టాడు. గుత్తి, పెనుకొండ, గుర్రంకొండ కోటలు హైదర్, టిప్పుల ఏలుబడిని చూసినవే. 1799 మే 4న శ్రీరంగపట్నం కోటలో టిప్పు నేలకొరిగాడు. ఖజానానూ, ఆయుధాలనూ కంపెనీ సేనలు వాటాలేసి పంచుకున్నాయి. కత్తులు, తుపాకులు ఓడలెక్కి సీమకు చేరాయి. రెండు వందల ఏళ్లు గడిచాక అవి ఒక్కొక్కటిగా ఇంగ్లండ్ వేలంశాలల్లో తేలుతున్నాయి.

2015 ఏప్రిల్‌లో లండన్‌లోని బోనమ్స్ సంస్థ టిప్పు ఆయుధాలు 30 లాట్లు పాటకు పెట్టింది. మొత్తం 60 లక్షల పౌండ్లు దాటింది. అందులో ఒక వేట తుపాకీకే 7 లక్షల పౌండ్లకు పైగా పలికింది. 2019 మార్చిలో బెర్క్‌షైర్‌లో ఓ ఇంటి అటక మీద దొరికిన టిప్పు కాలపు వస్తువుల్లో వెండి తాపడపు తుపాకీ 60 వేల పౌండ్లకు వెళ్లింది. మన లెక్కలో సుమారు అర కోటి. 2023 మేలో టిప్పు పడకగది కత్తి పాటకొచ్చింది. ఇరవై లక్షల పౌండ్లలోపే పలుకుతుందని బోనమ్స్ అంచనా వేస్తే, పాట ఏకంగా కోటీ 40 లక్షల పౌండ్ల దగ్గర ఆగింది. అంటే 140 కోట్ల రూపాయల పైమాటే!

ఈ మోజు బెంగళూరుకూ కొత్త కాదు. ఇక్కడి మద్యం వ్యాపారి విజయ్ మాల్యా 2003లో లండన్ వేలంలో టిప్పు కత్తి కొన్నారు. కోటిన్నర రూపాయలని అప్పట్లో చెప్పుకొన్నారు. 2009 మార్చిలో న్యూయార్క్‌లో గాంధీజీ కళ్లజోడు, చెప్పులు, జేబు గడియారం, పళ్లెం, గిన్నె పాటకొస్తే అవీ ఆయనకే దక్కాయి. అంచనా 20 నుంచి 30 వేల డాలర్లు. పాట 18 లక్షల డాలర్లు. ఆ టిప్పు కత్తి ఇంటికి అచ్చిరాలేదని ఎవరికో ఇచ్చేసినట్లు 2018లో లండన్ కోర్టు వ్యవహారాల్లో బయటికొచ్చింది. అప్పటికి మాల్యా దేశం విడిచి రెండేళ్లయింది.

ఇంకోటీ చెప్పుకోవాలి. 2014 ఫిబ్రవరిలో బెంగళూరులోనే ఐపీఎల్ వేలం జరిగింది. యువరాజ్ సింగ్ 10 కోట్లకు తమకు దక్కాడనే బెంగళూరు జట్టు అనుకుంది. ఇంతలో కోల్‌కతా మళ్లీ పాట పెంచింది. చివరికి బెంగళూరే 14 కోట్లు కట్టింది. ఒక్క సీజన్ ఆడించి వదిలేసింది. పది కోట్ల మనిషి పది నిమిషాల్లో పద్నాలుగు కోట్ల మనిషి ఎలా అయ్యాడు? అతని బ్యాటింగ్ ఏమీ మారలేదు కదా! మారింది ఎదుటి బల్ల మీద లేచిన చెయ్యి.

సరే, టిప్పు తుపాకీ ప్రపంచంలో ఒక్కటే ఉంటుంది. దానికి కొట్టు ధర అంటూ ఉండదు. ఎంతకు పాడినా ఎక్కువ పెట్టాడని రుజువు చేయలేం. బాలాపూర్ లడ్డూ సంగతీ అంతే. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. లడ్డూ తీపి పెరిగిందని ఎవరూ అనుకోరు. పాడినాయన కొనేది లడ్డూ కాదు, ఊళ్లో మర్యాద. డబ్బు ఎందుకు పెడుతున్నాడో ఆయనకు తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. అక్కడ మోసం లేదు, పొరపాటూ లేదు.

చిక్కంతా మామూలు సరుకుతోనే.

కోట్ల తుపాకుల్లో ‘అరుదైనది’

మన పోలీస్ స్టేషన్లలో కనిపించిన త్రీ నాట్ త్రీ అందరికీ తెలిసిందే. అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. అన్ని రకాలూ కలిపి కోటీ 70 లక్షల దాకా తయారయ్యాయని లెక్క. కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ లక్షల్లో చేశారు. 1962 చైనా యుద్ధం తర్వాత అదే ఇషాపూర్ ఈ రైఫిల్‌ను 7.62 తూటాకు సరిపడేలా మార్చి కొత్త మోడల్ తెచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌తో త్రీ నాట్ త్రీకి సెలవిచ్చారు. రష్యా వాళ్ల మోసిన్ నాగాంట్ అయితే ఇంకా ఎక్కువ. 3 కోట్ల 70 లక్షలని అంచనా.

వీటిలో కాలం చెల్లినవి గుట్టలు గుట్టలుగా అమెరికా చేరాయి. ఇషాపూర్ సరుకు కూడా వాటిలో ఉంది. 2000 సంవత్సరం తర్వాత కొన్నేళ్లపాటు మోసిన్ నాగాంట్ అక్కడి కొట్లలో వంద డాలర్ల లోపే దొరికేది. చెక్కపెట్టెల్లో గ్రీజు పూసి వచ్చేవి. మూలన నిలబెట్టి అమ్మేవాళ్లు. ఇప్పుడు దాని ధర ఎన్నో రెట్లు.

ఇందులో కొంత నిజమైన కారణమే. రష్యా మీద ఆంక్షలొచ్చాయి, పెట్టెలు రావడం ఆగింది. 2020లో కరోనా భయం, గొడవలు, ఎన్నికలు అన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. ఆ ఏడాది తుపాకీ కొనుగోళ్లకు సంబంధించి ఎఫ్‌బీఐ చేసిన తనిఖీలు దాదాపు 3 కోట్ల 97 లక్షలు. గిరాకీ పెరిగితే ధర పెరగడం న్యాయమే. దాన్ని ఎక్కువ పెట్టడం అనకూడదు. అసలు విచిత్రం వేరే ఉంది. అదే వారం, అదే రకం, అదే స్థితిలో ఉన్న రైఫిల్ ఊళ్లో కొట్టులో తక్కువకు ఉండగా, ఆన్‌లైన్ వేలంలో ఎక్కువకు పోవడం.

తుపాకుల అమ్మకాలను ఈబే సంస్థ 1999లో నిషేధించింది. అదే ఏడాది తుపాకుల కోసమే గన్‌బ్రోకర్ అనే వేలం సంస్థ పుట్టింది. డబ్బు కట్టగానే తుపాకీ ఇంటికొచ్చేస్తుందనుకునేరు. రాష్ట్రం దాటి వచ్చే తుపాకీ కొన్నవాడి ఊళ్లోని లైసెన్సు డీలరు దగ్గరికి రావాలి. ఆయన పాత చరిత్ర తనిఖీ చేయించి ఇస్తాడు. అందుకు ఫీజు తీసుకుంటాడు.

లెక్క ఇక్కడే తప్పుతుంది. కొట్టులో 500 డాలర్లకు దొరికే రైఫిల్‌ను ఒకాయన వేలంలో 520కి గెలిచాడనుకుందాం. 20 డాలర్లేగా పోయింది అనుకుంటాడు. రవాణాకు 40 వేసుకోండి. డీలరు ఫీజు 30. కార్డు మీద కడితే నూటికి మూడు చొప్పున మరో 16. మొత్తం 606. పన్ను ఇంకా కలపలేదు. పాట పాడేటప్పుడు కంటికి కనిపించే అంకె 520 ఒక్కటే. మిగతావన్నీ తర్వాత ఒక్కొక్కటే వచ్చి జేబులో చెయ్యి పెడతాయి. పెళ్లి ఖర్చు లాంటిదన్నమాట.

ఇక అమ్మేవాడి మాటలు. ‘అరుదైనది’, ‘తాతగారి పెట్టెలో దొరికింది’, ‘అన్ని భాగాల మీదా ఒకటే నంబరు’, ‘ఫలానా సినిమాలో హీరో పట్టుకున్న రకం’. కోటిన్నర పైగా తయారైన తుపాకీ అరుదైనది ఎలా అవుతుందని అడిగేవాడుండడు. చూసేవాడికి తెర మీద కనిపించేది ఆ ఒక్క తుపాకీయే. కొట్టుకెళ్తే పక్కన పది ఉంటాయి, కళ్లకు కనిపిస్తాయి. ఫొటోలో పక్కవేవీ కనబడవు.

ధర తెలుసుకునే తీరులోనూ తేడా ఉంది. చాలామంది అమ్మేవాళ్లు అడిగే ధరలు చూసి ‘మార్కెట్ రేటు ఇదీ’ అని నిశ్చయించుకుంటారు. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ఆరు నెలలుగా 900 డాలర్లని బోర్డు పెట్టుకుని ఎవరూ కొనక మిగిలిపోయిన తుపాకీ కూడా కొత్తగా వచ్చినవాడికి ఆధారమైపోతుంది. దాన్ని చూసి 650కి పాడి, 250 మిగిలిందని సంబరపడతాడు.

నూరు మందిలో ఇద్దరు చాలు

ఇదంతా తుపాకుల పిచ్చి ఉన్నవాళ్ల గోలే అనుకుంటే పొరపాటు. అమెరికా ఆర్థికవేత్తలు లీ, మాల్‌మెండియర్ ఈబే వేలాల మీద చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. వాళ్లు ఎంచుకున్నది ‘క్యాష్‌ఫ్లో 101’ అనే బల్ల మీద ఆడుకునే ఆట పెట్టె. డబ్బు ఎలా పెంచుకోవాలో నేర్పే ఆట అది! 2004లో అది ఈబేలోనే 129 డాలర్ల 95 సెంట్లకు ఖరారు ధరకు ఎప్పుడంటే అప్పుడు దొరికేది. అదే సమయంలో, అదే చోట వేలానికీ ఉండేది. వేలాల్లో నూటికి 42 ఆ ఖరారు ధరను దాటిపోయాయి. రవాణా ఖర్చు కూడా కలిపి చూస్తే నూటికి 73. పొదుపు నేర్పే పెట్టె కోసం డబ్బు పారబోసుకున్నారన్నమాట.

అయితే ఆ అధ్యయనంలో అసలు కీలకం మరో అంకెలో ఉంది. పాట పాడినవాళ్లందరిలో ఖరారు ధర దాటి వెళ్లినవాళ్లు నూటికి 17 మందే. మిగతా 83 మంది బుద్ధిగా ఆగిపోయారు. 17 మంది పొరపాటు చేస్తే 42 వేలాలు ఎలా చెడ్డాయి?

రచ్చబండ లెక్కలో చెప్పుకుందాం. ఒక రైఫిల్‌కు నూరు మంది పాట పెట్టారు. 30 వేలే దాని ధరని 90 మందికి తెలుసు. వాళ్లు 30 వేల దగ్గర ఆగిపోతారు. మిగతా పది మందికి తెలియదు, లేదా తెలిసీ ఆగలేరు. 30 వేలు దాటాక బరిలో మిగిలేది ఆ పది మందే. వాళ్లలోనూ బాగా పట్టుదల ఉన్న ఇద్దరు చివరికి తేలతారు. ధర నిర్ణయించేది ఆ ఇద్దరు. 90 మంది తెలివి అక్కడ దేనికీ పనికిరాదు. కొట్టులో అయితే తెలివైనవాడు కొంటాడు, తెలియనివాడూ కొంటాడు, ధర ఒకటే. వేలంలో మాత్రం నూరు మందిని జల్లెడ పట్టి, లెక్క బాగా తప్పినవాణ్నే ఏరి పట్టుకుంటారు. ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు. పాట తీరే అంత.

ఈ సంగతిని మొదట పసిగట్టింది చమురు కంపెనీ ఇంజినీర్లు. మెక్సికో సింధుశాఖలో చమురు బ్లాకులకు వేలాలు జరిగేవి. వేలంలో గెలిచిన కంపెనీలకు అనుకున్నంత లాభాలు ఎందుకు రావడం లేదని తల బద్దలు కొట్టుకున్నారు. కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు 1971లో తేల్చి చెప్పారు. భూమి కింద ఎంత చమురుందో అందరూ అంచనా వేస్తారు. కొందరిది తక్కువ, కొందరిది ఎక్కువ. గెలిచేది అందరికంటే ఎక్కువ ఊహించుకున్నవాడే. అంటే గెలుపే పొరపాటుకు గుర్తు. దీనికి ‘విజేత శాపం’ అని పేరుపడింది. వేలాల లెక్కల మీద కృషికే మిల్‌గ్రోమ్, విల్సన్‌లకు 2020లో ఆర్థిక నోబెల్ వచ్చింది. వాళ్లకంటే ముందు ఈ దారి వేసిన విక్రీకి 1996లో నోబెల్ ప్రకటించారు. పాపం, మూడు రోజులకే కన్నుమూశారు.

జల్లెడ సంగతి సరే, ఆ చివరి ఇద్దరు ఎందుకు ఆగలేరు? మూడు రోజులు ‘మీదే పెద్ద పాట’ అని తెర మీద కనిపిస్తుంటే తుపాకీ తనదైపోయినట్టే అనిపిస్తుంది. గోడకు ఎక్కడ తగిలించాలో కూడా చూసుకుంటాడు. ఆఖరి పది నిమిషాల్లో ఎవడో వచ్చి పది డాలర్లు పెంచుతాడు. అప్పుడది కొనడం కాదు, సొంత వస్తువును లాక్కుపోతుంటే కాపాడుకోవడం! గన్‌బ్రోకర్‌లో చివరి 15 నిమిషాల్లో పాట పడితే గడువు మరో 15 నిమిషాలు పెరుగుతుంది. ఆఖరి క్షణంలో దూరి కొట్టేసే ఎత్తులను ఆపడానికే ఈ నిబంధన. కానీ పోటాపోటీగా ఉన్న ఇద్దరికి అది కోడిపందెంలో ఇంకో విడత లాంటిది. ఎంతసేపైనా సాగుతుంది. ఒక్క డాలరు నుంచి పాట మొదలుపెట్టడమూ ఎత్తే. చవగ్గా వస్తుందేమోనని ఇరవై మంది చేరతారు. జనం ఉన్న కొట్టుకే జనం వెళ్తారు కదా.

ఎదుటి పేరు కనిపించకపోవడం మరో ముచ్చట. పల్లెలో చింతచెట్ల పాటలో ఎదురుగా ఎవరున్నారో తెలుసు. ఆయనకు పట్టింపు ఎక్కువ, ఆయన జోలికి పోవద్దు అని తగ్గొచ్చు. ‘ఒరే నాయనా, ఇంగ చాలు రా’ అని భుజం మీద చెయ్యేసే పెద్దాయన ఉంటాడు. రాత్రి పదకొండు గంటలకు ఒంటరిగా తెర ముందు కూర్చున్నవాడికి ఆ చెయ్యి ఉండదు.

మన దగ్గర కొంటే జైలే

ఇది చదివి ఫోన్‌లో తుపాకీ వెతికేవాళ్లకు ఒక్కమాట. మన దేశంలో కథ పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ కొనాలన్నా, ఉంచుకోవాలన్నా లైసెన్సు ఉండాలి. అమ్మేవాడికీ ఉండాలి. బెంగళూరు నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. 2019 సవరణతో ఒక్కరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. అంతకుముందు మూడు. లైసెన్సు లేని మామూలు తుపాకీ దొరికితే రెండు నుంచి ఐదేళ్లు జైలు. మన త్రీ నాట్ త్రీ నిషిద్ధ బోరు కిందికొస్తుంది. దాన్ని లైసెన్సున్న సామాన్యుడు కూడా ఉంచుకోరాదు. అలాంటిది అక్రమంగా దొరికితే శిక్ష ఏడు నుంచి 14 ఏళ్లు. కాబట్టి ‘మిలిటరీ సరుకు, చవగ్గా ఇస్తాం, అడ్వాన్సు పంపండి’ అని ఫోన్‌లో ఎవరైనా అంటే అటు తుపాకీ రాదు, వస్తే వెంట పోలీసులొస్తారు. తాతల నాటి తుపాకీ ఇంట్లో ఉన్నవాళ్లు కూడా దాన్ని లైసెన్సు డీలరు దగ్గరో, స్టేషన్‌లోనో జమ చేయాల్సిందే.

మరి మన దగ్గర మామూలు తుపాకీకి ఎక్కువ పెట్టడం లేదా అంటే బ్రహ్మాండంగా పెడుతున్నారు. వేలం లేకుండానే! 1980ల మధ్యలో సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆపేశారు. పేరున్న షూటర్లకు మాత్రం సడలింపు. దాంతో అంతకుముందు వచ్చిన సరుకే చేతులు మారుతోంది. విదేశాల్లో కొన్ని వందల డాలర్లు చేసే పాత పిస్తోలు ఇక్కడ లక్షలు పలుకుతుంది. దానిలో గొప్పతనం ఏమీ లేదు, కొత్తది రావడం లేదంతే. కస్టమ్స్ వాళ్లు పట్టుకున్న విదేశీ తుపాకులు ఎంపీలకు, పెద్దమనుషులకు తక్కువ ధరకు దక్కిన వైనం సమాచార హక్కు దరఖాస్తులతో వెలుగు చూసింది. ఆ గిరాకీ వెనక ఉన్నదీ ఇదే.

కర్ణాటకలోనే ఒక వింత చూడాలంటే కొడగుకు వెళ్లాలి. కొడవలకు, అక్కడి జమ్మా భూముల వారికి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. బ్రిటిష్ కాలం నాటి ఈ వెసులుబాటును కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది. అక్కడ కైల్‌పోళ్ద పండగనాడు తుపాకీకి పూలు పెట్టి పూజిస్తారు. తాత తుపాకీ ధరెంత అని అక్కడ అడిగి చూడండి, ఏం సమాధానం వస్తుందో!

సైటుకూ అదే జ్వరం

ఆన్‌లైన్ వేలం తుపాకీ రూపంలో మన దగ్గరికి రాకపోయినా, సైటు రూపంలో వచ్చింది. బెంగళూరు అభివృద్ధి సంస్థ, అందరూ బీడీఏ అంటారు, తన లేఅవుట్లలోని కార్నర్ సైట్లను కొన్నేళ్లుగా ఈ-వేలంలోనే అమ్ముతోంది. ధరావతు కట్టాలి. సర్కారు వారి పాట అంటూ ఒక మొదటి ధర ఉంటుంది. అక్కడి నుంచి చదరపు మీటరుకు ఇంత అని పెంచుకుంటూ పోవాలి. గెలిచినవాడు మూడు రోజుల్లో నాలుగో వంతు కట్టాలి. మిగతాది నెలన్నరలో. కట్టలేకపోతే కట్టింది పోతుంది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. బీడీఏ సైటుకు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టడం ప్రతిసారీ తెలివితక్కువ కాదు. బెంగళూరులో బీ ఖాతా సైట్ల గోల తెలిసినవాళ్లకు తగాదా లేని కాగితం విలువ తెలుసు. పక్కనున్న ప్రైవేటు సైటు చవగ్గా ఉందంటే దాని వెనక కోర్టు కేసు ఉండొచ్చు. కాబట్టి రెండింటినీ ఒకే త్రాసులో వేయలేం. కానీ ఆ కాగితానికి ఎంత ఎక్కువ ఇవ్వొచ్చో ముందే రాసుకున్నవాడు వేరు, తెర ముందు కూర్చున్నాక నిర్ణయించుకునేవాడు వేరు. చదరపు మీటరుకు 500 పెంచడమంటే చిన్నదిగానే కనిపిస్తుంది. 30, 40 సైటు అంటే దాదాపు 111 చదరపు మీటర్లు. ఒక్కసారి నొక్కితే 55 వేలు! పదిసార్లు నొక్కితే ఐదున్నర లక్షలు. రైఫిల్ కొన్నవాడు వంద డాలర్లు పోగొట్టుకుంటే నెల రోజులు నొచ్చుకుని మరిచిపోతాడు. ఊళ్లో మూడెకరాలు అమ్మి పాటకొచ్చినవాడు అలా మరిచిపోలేడు. రిజిస్ట్రేషన్ ఖర్చు, నీళ్లు, కరెంటు వచ్చేదాకా ఎదురుచూపులు.. ఆ రైఫిల్ రవాణా ఖర్చుల్లాగే ఇవీ పాట అంకెలో కనబడవు.

రామనగరం రీలరు ఎందుకు ఆగుతాడు

ఇదే ఈ-వేలం బెంగళూరుకు పక్కనే ఉన్న రామనగరం పట్టుగూళ్ల మార్కెట్‌లోనూ రోజూ జరుగుతుంది. మన హిందూపురం, మడకశిర వైపు రైతులకు ఆ దారి కొత్తేమీ కాదు. అక్కడ ఈ జ్వరం పెద్దగా కనిపించదు. ఎందుకో చూడాలి.

రీలరు లాటు దగ్గరికొచ్చి గూడు చేతిలోకి తీసుకుంటాడు. నొక్కి చూస్తాడు, చెవి దగ్గర ఆడిస్తాడు. ఎన్ని కిలోల గూళ్లకు కిలో దారం వస్తుందో మనసులో లెక్క వేసుకుంటాడు. దాన్ని వాళ్లు రెండిట్టా అంటారు. దారం ధర ఆ రోజుది ముందే తెలుసు. కట్టెల ఖర్చు, కూలీల ఖర్చు తెలుసు. ఈ లాటుకు కిలోకు ఇంత, ఒక్క రూపాయి దాటినా నష్టమే అని పాట మొదలయ్యేముందే తేలిపోతుంది. లాటు చేజారితే పక్కన ఇంకో లాటుంది. ఈ రోజు కాకపోతే రేపు. పైగా నష్టం వస్తే సాయంత్రానికల్లా బాయిలరు దగ్గర తెలిసిపోతుంది. తుపాకీ గోడకు తగిలించినవాడికి అలా కాదు. అమ్మితే తప్ప తప్పు తెలియదు. అతనేమో అమ్మడు.

మరో సంగతి. అక్కడ పెద్ద పాట పడినా రైతుకు ధర నచ్చకపోతే ఒప్పుకోనక్కర్లేదు. మళ్లీ పాటకు పెట్టుకోవచ్చు. అందుకే అక్కడ కొనేవాడి కన్నా అమ్మేవాడి ముఖంలోనే ఎక్కువ ఆందోళన కనిపిస్తుంది. మూడు వారాలకు పైగా రాత్రింబవళ్లు పురుగులకు ఆకు వేసి, గూళ్లు బస్సులో వేసుకుని వచ్చిన మనిషి కదా. పాట అంకె వచ్చేదాకా లాటు పక్కనే నిలబడతాడు. ఎదురుగా రీలరు తన అంకె నొక్కి, ఫోన్ జేబులో పెట్టుకుని, పక్క లాటు దగ్గరికి నడుస్తాడు.